మూవర్స్ మౌఖిక పరీక్షకు బట్టీ వద్దు

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. స్కూల్లో కేంబ్రిడ్జ్ మూవర్స్ అనే పిల్లల ఇంగ్లిష్ పరీక్ష రాయిస్తున్నారు. రాతలో ఫరవాలేదు గానీ ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే బిగుసుకుపోతాడు. సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టిస్తున్నాం. నాకేమో ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఎలా సిద్ధం చేయాలి? ఈ సర్టిఫికెట్ ముందుముందు పనికొస్తుందా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ బట్టీ ఆపించండి. ఈ మౌఖిక పరీక్ష 5 నుంచి 7 నిమిషాలే. బాబు ఒక్కడే ఎగ్జామినర్‌తో మాట్లాడతాడు. ఇంచుమించు ఒకేలా ఉన్న రెండు బొమ్మల్లో 4 తేడాలు చెప్పాలి. తర్వాత 4 బొమ్మల కథ. మొదటి బొమ్మ గురించి ఎగ్జామినరే చెప్పి అందిస్తారు, మిగతాది వీడు అల్లాలి. ఆపైన నాలుగేసి బొమ్మల్లో ఏది వేరో, ఎందుకో చెప్పాలి. చివర్లో బడి, స్నేహితులు, సెలవురోజుల గురించి చిన్న ప్రశ్నలు. ఇందులో అప్పజెప్పడానికి ఏముంది?

నా దగ్గరికి వచ్చిన ఒక మూడో తరగతి పాపను, ఆదివారం ఏం చేస్తావని ఇంగ్లిష్‌లో అడిగాను. 'మై నేమ్ ఈజ్...' అని ఎత్తుకుని ఊరు, నాన్న ఉద్యోగం గుక్కతిప్పుకోకుండా చెబుతూ ఒకచోట ఆగిపోయింది. మళ్లీ మొదటికి వెళ్లింది. కళ్లనిండా నీళ్లు. అదే ప్రశ్న తెలుగులో అడిగితే, తాతయ్యతో చెరువుకెళ్లి గేదెను కడిగిన సంగతి చేతులు తిప్పుతూ చెప్పింది. చెప్పాల్సింది ఆ పిల్ల దగ్గర బోలెడుంది. బట్టీ పాఠమే దానికి అడ్డుపడింది.

మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఇబ్బంది లేదు. పిల్లల పత్రికల్లో తేడాలు కనుక్కోమని బొమ్మలిస్తారు కదా, వాటిని ముందేసుకుని కూర్చోండి. మొదట తెలుగులో చెప్పనివ్వండి, తర్వాత అదే ఇంగ్లిష్‌లో. 'చొక్కా ఎర్రది' అంటే తెలుగులో సరిపోతుంది కాబట్టి మన పిల్లలు 'షర్ట్ రెడ్' అనేస్తారు. మధ్యలో 'ఈజ్' పడేలా రోజూ అలవాటు చేస్తే చాలు. అలాగే మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కదా, 'బుక్' కాస్తా 'బుక్కు' అవుతుంది. ఆ చివరి 'ఉ' తీసేయడం ఆటలా నేర్పండి. అయితే బాబు కథ చెబుతుండగా మధ్యలో ఆపి దిద్దకండి, అయ్యాక చెప్పండి.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ప్రశ్న అర్థం కాకపోతే మన పిల్లలు తల దించుకుంటారు. తిరిగి అడగడం తప్పని ఎక్కడో నేర్చుకున్నారు పాపం. ఈ పరీక్షలో పదజాలం, వ్యాకరణం, ఉచ్చారణతో పాటు ఎగ్జామినర్‌తో సంభాషణ ఎలా సాగిందో కూడా చూస్తారు. 'సారీ?', 'ఐ డోంట్ అండర్‌స్టాండ్' అనడం తప్పేం కాదు. ఇంట్లో మీరు కావాలనే గొణిగినట్టు ఒక ప్రశ్న వేయండి. వాడు 'సారీ?' అంటే మళ్లీ స్పష్టంగా అడగండి. నాలుగు రోజుల్లో ఆ మాట జంకు లేకుండా వస్తుంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. మూవర్స్‌లో పాస్, ఫెయిల్ లేవు. వినడం, చదవడం-రాయడం, మాట్లాడటం అనే మూడు భాగాలకూ ఒక్కోదానికి సర్టిఫికెట్ మీద గరిష్ఠంగా 5 షీల్డు గుర్తులు ఇస్తారు. ఇది ఇంగ్లిష్ ప్రావీణ్యంలో ఎ1 అనే తొలి స్థాయి. రేపు కాలేజీ సీటుకో, ఉద్యోగానికో ఇది పనికొస్తుందని లెక్కలు వేసుకోకండి. షీల్డులు తగ్గాయని బాబు ముందు ఎవరితోనూ అనకండి. వాడు కొత్త మనిషి ఎదుట బెదరకుండా నోరు విప్పితే నేనైతే సంతోషిస్తాను. ఈ రాత్రి అన్నం దగ్గరే మొదలుపెట్టండి, కంచంలో ఏమున్నాయో ఒక్కొక్కటీ ఇంగ్లిష్‌లో చెప్పమనండి. గోంగూరకు ఇంగ్లిష్ మాట తెలియకపోతే గోంగూర అనే అననివ్వండి.