కొలైటిస్ మందు కన్నా ముందు ఆపాల్సింది నొప్పి మాత్రను

ప్రశ్న: నా వయసు 36 సంవత్సరాలు. మూడేళ్ల క్రితం కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు) అని చెప్పారు. అప్పటి నుంచి మెసలమైన్ మాత్రలు రోజుకు 2.4 గ్రాముల చొప్పున వాడాను. ఏడాదిగా విరేచనాలు మామూలుగానే అవుతున్నాయి. ఎక్కువ కాలం వాడితే కిడ్నీలు పాడవుతాయని తెలిసినవారు చెప్పడంతో రెండు నెలలుగా సగం మోతాదే వేసుకుంటున్నాను. మాత్ర మరీ పెద్దది కావడంతో నలిపి నీళ్లలో కలుపుకుని తాగుతున్నాను. ఇక పూర్తిగా మానేయవచ్చా? మోకాళ్ల నొప్పులకు మూడు వారాలుగా డైక్లోఫెనాక్ వాడుతున్నాను. అది కూడా వాపు తగ్గించే మందే కాబట్టి పేగుకూ మేలే చేస్తుందనుకుంటున్నాను. ఈ వారం రెండు మూడు సార్లు మలంలో కాస్త రక్తం కనిపించింది. మొలలు కావచ్చు. – ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది మెసలమైన్ మానడం గురించి. కానీ మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి చివర్లో మాటవరసకు రాసిన రెండు విషయాలు, డైక్లోఫెనాక్, రక్తం. కొలైటిస్ ఉన్న వ్యక్తికి మలంలో రక్తం పడితే, మరొకటి అని పరీక్షల్లో తేలేవరకు దాన్ని వ్యాధి తిరగబెట్టడంగానే మేం భావిస్తాం. మొలలు కూడా ఉండవచ్చు, కాదనను. అయితే ఆ నిర్ణయం మీరు ఇంట్లో కూర్చుని తీసుకునేది కాదు, ఉత్తరం చదివి నేను తీసుకునేదీ కాదు.

డైక్లోఫెనాక్‌ను ఈరోజే ఆపండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రాక్సెన్ వంటి నొప్పి మాత్రలు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాల తయారీని అడ్డుకుంటాయి. మోకాలిలో నొప్పి తగ్గడానికి కారణం అదే. కానీ జీర్ణనాళం లోపలి పొరకు రక్తప్రసరణ సరిగా ఉండడానికి, ఆ పొర దెబ్బతిన్నచోట మానడానికి తోడ్పడేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే కాబట్టి, ఈ మాత్రలు కొందరిలో అణిగి ఉన్న కొలైటిస్‌ను మళ్లీ రేపుతాయి. అందరికీ అలా జరగదు. ఎవరికి జరుగుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు కనుకనే మేం వద్దంటాం. మెసలమైన్ పనితీరు వేరు, అది చాలావరకు పెద్దపేగు లోపలి పొరను తాకి అక్కడే వాపును తగ్గిస్తుంది, రక్తంలోకి చేరేది తక్కువ. రెండూ వాపు తగ్గించేవే అయినంత మాత్రాన ఒకటి మరొకదాని పని చేయదు. మీ విషయంలో ఏం జరిగిందో చూడండి: పేగును కాపాడే మందును సగం చేసి, పేగును రెచ్చగొట్టగల మందును మూడు వారాలు వైద్యుడికి చెప్పకుండా వేసుకున్నారు. మందుల దుకాణంలో అడగగానే ఇచ్చారని నొప్పి మాత్రలను నిరపాయమనుకునే అలవాటు నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి ఉంది. చదువుకున్నవారూ దీనికి మినహాయింపు కాదు.

ఆ మోకాళ్ల నొప్పులు ఎందుకు వచ్చాయని మీరు ఆలోచించినట్టు లేదు. అల్సరేటివ్ కొలైటిస్ పేగుతోనే ఆగే జబ్బు కాదు, కీళ్లు, కళ్లు, చర్మం మీదా ప్రభావం చూపగలదు. మోకాలు, చీలమండ వంటి పెద్ద కీళ్లలో వచ్చే నొప్పి చాలాసార్లు పేగులో వ్యాధి రేగినప్పుడు పెరిగి, అది అణిగితే తానూ తగ్గుతుంది. మందు సగం చేసిన తర్వాతే మీకు మోకాళ్లు నొప్పి మొదలుపెట్టడం కాకతాళీయం కావచ్చు, కాకపోవచ్చు కూడా. పరీక్షించి చూడాల్సిందే. ఈలోగా నొప్పికి పారాసిటమాల్ సాధారణంగా మేలు, అదీ లివర్ జబ్బు లేకుంటే, చెప్పిన మోతాదు దాటకుండా. కొన్ని మాత్రల్లో పారాసిటమాల్‌తో పాటు డైక్లోఫెనాక్ జాతి మందు కూడా కలిసి ఉంటుంది కాబట్టి అట్ట మీద ఏమేం ఉన్నాయో చదివాకే వేసుకోండి. గుండె కోసం వైద్యుడు రాసిన తక్కువ మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు, దాన్ని ఇది చదివి ఎవరూ ఆపకూడదు.

ఇక కిడ్నీల విషయం. మెసలమైన్ వల్ల కిడ్నీ కణజాలంలో వాపు రావడం నిజమే కానీ అరుదు. అది తరచూ ఏ లక్షణమూ లేకుండా వస్తుంది కనుక మందు మొదలుపెట్టే ముందు, ఆపై కొన్ని నెలలకు, తర్వాత కనీసం ఏడాదికోసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్ర పరీక్ష చేయిస్తాం. మీరు చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారో రాయలేదు. కిడ్నీల మీద భయంతో మోతాదు తగ్గించిన మీరు, కిడ్నీలకు హాని చేయడంలో పేరుపడ్డ డైక్లోఫెనాక్‌ను నిశ్చింతగా వాడటం నాకు విచిత్రంగా అనిపించింది. ఆ రెండూ కలిస్తే కిడ్నీల మీద భారం ఇంకా పెరుగుతుంది.

మానేయవచ్చా అంటే, ఇప్పుడు మాత్రం కాదు. వ్యాధి అణిగి ఉండటానికి సాధారణంగా రోజుకు కనీసం 2 గ్రాములు కావాలి, మీరు వేసుకుంటున్న 1.2 గ్రాములు ఆ హద్దుకు దిగువన ఉంది. ఏడాది బాగున్నది మందు పని చేస్తున్నందువల్ల కావచ్చు. పేగులో వాపు ఏళ్ల తరబడి రగులుతూ ఉంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. లక్షణాలు మొదలైన 8 ఏళ్ల నుంచి కొలనోస్కోపీతో నిఘా పెట్టమనేది అందుకే. రోజుకు ఇన్నిసార్లు మింగడం కష్టమైతే, మొత్తం మోతాదును ఒకేసారి వేసుకునే వీలుందేమో మీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టును అడగండి, చాలామందిలో అది అంతే బాగా పని చేస్తుంది.

నలిపి తాగడం మాత్రం మోతాదు తగ్గించడం కన్నా పెద్ద పొరపాటు. ఈ మాత్రల్లో చాలావాటి పైపూత జీర్ణాశయంలో కరగదు, చిన్నపేగు చివరికి చేరాక అక్కడి క్షారగుణానికి కరిగి మందును వదులుతుంది. నలిపితే మందు పైభాగంలోనే రక్తంలోకి పోతుంది, అవసరమైన పెద్దపేగుకు అందేది కొంచెమే. మింగలేనివారికి చిన్న గుళికల (గ్రాన్యూల్స్) రూపంలోనూ, పేగు చివరి భాగంలో వ్యాధి ఉన్నవారికి మలద్వారం గుండా ఎక్కించే ద్రవం (ఎనిమా), అక్కడే పెట్టుకునే బిళ్ల (సపోజిటరీ) రూపంలోనూ ఈ మందు దొరుకుతుంది. మలద్వారం గుండా వాడటానికి మొహమాటపడేవారు చాలామంది. కానీ చివరి భాగం వ్యాధిలో నోటి మాత్ర కన్నా అదే బాగా పని చేస్తుంది.

మెసలమైన్‌ను కొత్తగా మొదలుపెట్టిన పాఠకులకు ఒక మాట. మొదటి కొన్ని వారాల్లో జ్వరంతో పాటు విరేచనాలు, కడుపునొప్పి ముందుకన్నా పెరిగితే అది మందు పడకపోవడం కావచ్చు. ఛాతీనొప్పి, ఆయాసం, లేదా పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి వస్తే మందు ఆపి వెంటనే వైద్యుడిని కలవాలి. ఆస్పిరిన్ పడనివారు ముందే చెప్పాలి. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ మందు కూడా వాడుతున్నవారికి తెల్ల రక్తకణాలు తగ్గే అవకాశం ఎక్కువ కనుక రక్తపరీక్షలు తప్పించుకోకూడదు.

మీరు ఈ వారంలోనే మీ వైద్యుడిని కలవండి, పాత మోతాదుకు తిరిగి వెళ్లడం గురించి ఆయన కిడ్నీ పరీక్ష చూసి చెబుతారు. ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి మల పరీక్ష, వాపు తీవ్రత తెలిపే ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్, రక్తపరీక్షలు, అవసరమనుకుంటే పేగు చివరి భాగం స్కోపీ చేయిస్తారు. మీరు వాడిన మందుల అట్టలన్నీ తీసుకెళ్లండి, నొప్పి మాత్రలది ముఖ్యంగా. అంతకుముందే రక్తంతో కూడిన విరేచనాలు రోజుకు 6 లేదా అంతకు మించి అవుతున్నా, జ్వరం వచ్చినా, నాడి నిమిషానికి 90 దాటి కొట్టుకుంటున్నా, కడుపు ఉబ్బి నొప్పి పెడుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. ఆ దశలో విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్రలు వేసుకుంటే పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోవచ్చు. పాత స్టెరాయిడ్ మాత్రలు ఇంట్లో మిగిలి ఉన్నా, వాటినీ మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు.