టెక్ సందేహాలు: ఫైళ్ల పేర్లు వస్తున్నాయి, ఫైల్ మాత్రం తెరుచుకోవడం లేదు!

ప్రశ్న: కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. స్కాన్ చేసిన సర్టిఫికెట్లు దాదాపు 4 వేలు డి డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌లోనూ, దాని లోపలి ఫోల్డర్లలోనూ ఉన్నాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో, ఫోల్డర్‌లో ఏమున్నాయో చెప్పే ఓఎస్ డాట్ లిస్ట్‌డిర్ (os.listdir) వాడితే పేర్లు వస్తున్నాయి. ఆ పేరుతో తెరవబోతే ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అంటోంది. లోపలి ఫోల్డర్లలో ఉన్నవి అసలు రావడం లేదు. మొత్తం జాబితా ఎక్సెల్‌లో కావాలి. ఎలా?

జవాబు: లిస్ట్‌డిర్ పేరు మాత్రమే ఇస్తుంది, అది ఎక్కడుందో చెప్పదు. మీరు డి డ్రైవ్‌లోని ఫోల్డర్ జాబితా అడిగారు, ప్రోగ్రామ్ మాత్రం వేరే ఫోల్డర్‌లో నడుస్తోంది. వట్టి పేరు ఇస్తే పైథాన్ తాను నడుస్తున్న చోటే వెతుకుతుంది, దొరక్క ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ వచ్చిందంటే నయమే. అదే పేరుతో అక్కడ ఇంకో ఫైల్ ఉంటే చప్పుడు లేకుండా దాన్ని తెరిచేస్తుంది. ఒకరి సర్టిఫికెట్ బదులు మరొకరిది చేతికొస్తుంది.

ఇంకొకటి. లిస్ట్‌డిర్ ఇచ్చే జాబితాలో లోపలి ఫోల్డర్ల పేర్లూ కలిసే ఉంటాయి. ఫోల్డర్‌ని ఫైల్ అనుకొని తెరవబోతే విండోస్‌లో ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. అది చూసి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి చూస్తారు చాలామంది. లాభం లేదు, అక్కడ అనుమతి సమస్యే లేదు.

ఫైళ్ల దారులతో పనిచేయడానికి ఉన్న పాత్‌లిబ్ (pathlib) అనే మాడ్యూల్ వాడండి. పైథాన్ 3.4 నుంచి దాంతోపాటే వస్తోంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అందులోంచి పాత్‌ని ఇంపోర్ట్ చేసుకొని, దానికి మీ ఫోల్డర్ దారి ఇచ్చి, డాట్ పెట్టి ఆర్‌గ్లాబ్ (rglob) అని రాసి, బ్రాకెట్లో కోట్స్ మధ్య నక్షత్రం గుర్తు (*) పెట్టండి. ఎన్ని ఫోల్డర్ల లోపల ఉన్నా అన్నీ వస్తాయి, పూర్తి దారితో సహా. ఫర్ లూప్‌లో ఒక్కోదాన్నీ ‘ఈజ్ ఫైల్’ (is_file) అని అడిగి, అవునన్నవే ఉంచుకోండి. పీడీఎఫ్‌లు మాత్రమే కావాలంటే సఫిక్స్‌ని, అంటే పేరు చివరుండే ఎక్స్‌టెన్షన్‌ని, లోయర్‌తో చిన్న అక్షరాల్లోకి మార్చి పోల్చండి. కొన్ని స్కానర్లు ఎక్స్‌టెన్షన్‌ని పెద్ద అక్షరాల్లో రాస్తాయి. ఈ మార్పు చేయకపోతే ఆ ఫైళ్లన్నీ జాబితాలోంచి జారిపోతాయి, మీకు తెలియను కూడా తెలియదు.

ఎక్సెల్ కోసం సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన టెక్స్ట్ పట్టిక) రాయండి. దాన్ని తెరిచే చోట రెండు మాటలు తప్పనిసరి. న్యూలైన్ అనే దానికి ఖాళీ కోట్స్ ఇవ్వాలి, లేకుంటే విండోస్‌లో వరసకీ వరసకీ మధ్య ఒక ఖాళీ వరస పడుతుంది. ఎన్‌కోడింగ్‌కి, అంటే అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతికి, ‘యూటీఎఫ్-8-సిగ్’ (utf-8-sig) ఇవ్వాలి. చివర ఆ ‘సిగ్’ లేకపోతే ఎక్సెల్‌లో తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. ఎన్‌కోడింగ్ అసలే ఇవ్వకపోతే తెలుగు పేరు తగలగానే ‘చార్‌మ్యాప్’ ఎర్రర్‌తో ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోవచ్చు. సున్నాతో మొదలయ్యే అడ్మిషన్ నంబర్లుంటే సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవకండి, ముందున్న సున్నాలు పోతాయి. ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెచ్చుకొని, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి.

జాబితా ఏ వరసలో వస్తుందన్న హామీ లేదు కాబట్టి వరసలో పేర్చే సార్టెడ్‌లో పెట్టండి. అప్పుడు కూడా 10 అనే ఫైల్ 2 కంటే ముందొస్తుంది, ఎందుకంటే అది పోల్చేది అక్షరాలనే, అంకెల విలువని కాదు. పేర్లు మీరే పెట్టుకునేటట్టయితే 0002, 0010 అని పెట్టుకోండి. లెక్క ఒకటో రెండో ఎక్కువొస్తే ~$ తో మొదలయ్యే పేర్లున్నాయేమో చూడండి. వర్డ్, ఎక్సెల్ ఫైల్ తెరిచి ఉన్నంతసేపు ఉండే తాత్కాలిక ఫైళ్లవి.

ప్రశ్న: ఫోల్డర్ దారిని కాపీ చేసి కోడ్‌లో పేస్ట్ చేస్తే ‘యూనికోడ్ ఎస్కేప్’ అని ఎర్రర్. దారి సరిగానే ఉంది కదా?

జవాబు: దారి సరైనదే, గొడవంతా \ గుర్తుతో. సి డ్రైవ్ తర్వాత వచ్చే ‘యూజర్స్’లో పెద్ద యూ అక్షరం ముందు \ ఉంటే, తర్వాత 8 అంకెల యూనికోడ్ సంఖ్య వస్తుందని పైథాన్ ఎదురుచూస్తుంది. చిన్న ఎన్‌తో మొదలయ్యే ఫోల్డరైతే కొత్త లైన్ అనుకుంటుంది, చిన్న టీతో మొదలైతే ట్యాబ్ అనుకుంటుంది. దారిలోని \ అన్నిటినీ / గా మార్చేయండి, విండోస్‌లోనూ పనిచేస్తుంది. లేదా మొదటి కోట్ ముందు చిన్న ఆర్ పెట్టండి, కానీ అప్పుడు దారి చివర \ ఉండకూడదు. ‘కాపీ యాజ్ పాత్’తో తెస్తే కోట్స్ కూడా వెంట వస్తాయి, మళ్లీ మీరు పెట్టకండి.

ప్రశ్న: కోడ్ రాయడం రాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో డిఐఆర్ కమాండ్‌తో జాబితా టెక్స్ట్ ఫైల్‌లోకి తీశాను. తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా వచ్చాయి.

జవాబు: ముందుగా ‘సీహెచ్‌సీపీ 65001’ (chcp 65001) అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్‌ని యూటీఎఫ్-8కి మార్చి, తర్వాత మీ కమాండ్ ఇవ్వండి. /బి పేర్లు మాత్రమే ఇస్తుంది, /ఎస్ లోపలి ఫోల్డర్లలోకీ వెళ్లి పూర్తి దారితో ఇస్తుంది, /ఏ-డి ఫోల్డర్లను వదిలేస్తుంది. జాబితా ఫైల్‌ని మాత్రం వేరే ఫోల్డర్‌లో పెట్టండి. లెక్కపెట్టడానికి ముందే ఆ ఫైల్ తయారవుతుంది కాబట్టి, అక్కడే పెడితే దాని పేరూ జాబితాలోకి చేరుతుంది.

ప్రశ్న: పాత మ్యాక్ నుంచి తెచ్చిన ఫైళ్లలో ‘చైత్ర’ అనే పేరుంది. కళ్లకు అదే పేరు, కోడ్‌లో పోలిస్తే మాత్రం సమానం కాదంటోంది! మిగతా పేర్లన్నీ కలుస్తున్నాయి.

జవాబు: పొడవు చెప్పే లెన్‌తో రెండు పేర్ల పొడవూ ప్రింట్ చేసి చూడండి. ఎక్స్‌టెన్షన్ వదిలేస్తే మీరు టైప్ చేసిన ‘చైత్ర’కు 5 వస్తుంది: చ, ఐత్వం, త, పొల్లు, ర. మ్యాక్ నుంచి వచ్చిన దానికి 6 వస్తుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం గుర్తూ కింది గుర్తూ అని రెండుగా విడదీసీ రాయొచ్చు. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి. పాత మ్యాక్‌లు డిస్క్‌లో ఫైళ్లను దాచే హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పద్ధతి పేర్లను విడదీసి దాచేది. తెలుగులో ఈ తేడా వచ్చేది ఐత్వంతోనే, అందుకే మీకు మిగతా పేర్లన్నీ కలిసి ‘చైత్ర’ ఒక్కటే కలవలేదు.

పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్ ఉంది. రెండు పేర్లనూ విడి గుర్తుల్ని కలిపి రాసే ‘ఎన్ఎఫ్‌సీ’ (NFC) రూపంలోకి మార్చి పోల్చండి, సమానమవుతాయి. ఆ మార్చిన పేరు పోల్చడానికే వాడండి. తెరిచేటప్పుడు జాబితా ఇచ్చిన అసలు పేరే ఇవ్వాలి, ఎందుకంటే విండోస్ ఫైళ్లను దాచే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతికి ఆ రెండూ వేర్వేరు పేర్లు. ఒకే ఫోల్డర్‌లో రెండు ‘చైత్ర’లు పక్కపక్కనే కనిపించినా ఆశ్చర్యపోకండి, లోపల ఏముందో చూడకుండా ఒకదాన్ని డిలీట్ చేయకండి.