రెండోసారి కొన్న ఊలు రంగు కలవకపోతే

మీరు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో అదే కంపెనీ, అదే షేడ్ నంబర్ చూసే కొన్నారు. అయినా స్వెట్టర్ సగం నుంచి రంగు తేడాగా ఉందంటే, లాట్ మారి ఉంటుంది. లాట్ అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలు, ప్రతి విడతకూ ఒక నంబర్ ఉంటుంది. షేడ్ ఒకటే అయినా విడత మారితే రంగు కాస్త అటూ ఇటూ అవుతుంది.

చాలామంది చూడనిది ఇదే: లేబుల్ మీద షేడ్ నంబర్‌తో పాటు లాట్ నంబర్ కూడా ఉంటుంది. లేబుల్ చింపి పారేయకండి.

ఇప్పుడు చేయాల్సింది:

1. పాత లేబుల్ ఉంటే అదే దుకాణానికి తీసుకెళ్లి, ఆ లాట్ మిగిలిందేమో అడగండి. బేగం బజార్‌లోనూ ఓసారి చూడండి. ఊలు ఉండను ట్యూబ్‌లైట్ కింద కాదు, బయట వెలుతురులో పాత ఊలుతో పోల్చండి.

2. దొరక్కపోతే, రంగు మారిన చోటికి రెండు మూడు అంగుళాల కింది వరకు విప్పండి. అక్కడి నుంచి రెండు వరుసలు పాత ఊలు, రెండు వరుసలు కొత్తది. పాతది అయ్యేదాకా ఇలాగే అల్లండి, గీత కనబడదు. విప్పడం బాధే, నాకు తెలుసు.

3. ఒంటి భాగమంతా పాత ఊలుతోనే అయిపోయి, చేతులు ఇంకా మొదలుపెట్టకపోతే విప్పక్కర్లేదు. కొత్త ఊలు చేతులకు, కాలర్‌కు వాడేయండి.

ఈసారి మాత్రం ఒక ఉండ ఎక్కువే కొనండి.