నాలుగో అధికారం సంగతి చూడు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

సెమినార్ పేపర్‌కి అధికార విభజన తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. అధికార విభజన సిద్ధాంతం చెప్పిన ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూతో మొదలెట్టి అమెరికా దగ్గర ముగించకు, మీ క్లాసులో సగంమంది అదే రాస్తారు. నువ్వు బ్రెజిల్ తీసుకో. 1824 నాటి వాళ్ల రాజ్యాంగంలో అధికారాలు మూడు కాదు, నాలుగు. శాసన, కార్యనిర్వాహక, న్యాయ అధికారాలకు తోడు, వాటి మధ్య సర్దుబాటు చేసే అధికారం ఒకటి, అది చక్రవర్తిది.

అది ఎలా వచ్చిందో క్లుప్తంగా చెప్పెయ్. 1823 నవంబరులో మొదటి పెడ్రో చక్రవర్తి సైన్యాన్ని పంపి రాజ్యాంగ సభను మూయించాడు. మరుసటి మార్చిలో తనే ఒక రాజ్యాంగం ఇచ్చాడు.

నీ టైమంతా 98 నుంచి 102 వరకున్న అధికరణాల మీద పెట్టు. రాజు వేరు, మంత్రులు వేరు, రాజు తటస్థంగా ఉండి తగవులు తీర్చాలన్నది ఫ్రాన్సులో బెంజమిన్ కాన్‌స్టాంట్ వాదన. బ్రెజిల్ వాళ్లు దాన్ని తీసుకుని, కార్యనిర్వాహక అధిపతి కూడా చక్రవర్తే అని 102లో రాసుకున్నారు. అంపైర్ చేతికే బ్యాట్ ఇచ్చారన్నమాట! మంత్రుల్ని తీసేయడం, ప్రతినిధుల సభను రద్దు చేయడం, ముగ్గురి జాబితాలోంచి జీవితకాల సెనేటర్‌ను ఎంచుకోవడం, అన్నీ 101 కింద ఆయనవే. జవాబుదారీ మాత్రం లేదు, 99 చూడు.

అక్కడితో ఆపితే పేపర్ చప్పగా ఉంటుంది. 1868కి వెళ్లు. ఒక సెనేటర్ ఎంపిక దగ్గర, అప్పటి చక్రవర్తి, మొదటి పెడ్రో కొడుకు రెండో పెడ్రోతో పడక లిబరల్ ప్రధాని జకారియాస్ రాజీనామా చేశాడు. సభలో మెజారిటీ లిబరల్స్‌దే అయినా చక్రవర్తి కన్సర్వేటివ్‌లను పిలిచాడు. సభ రద్దయింది, ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లే వచ్చారు. చక్రవర్తి మంత్రివర్గాన్ని పెడతాడు, మంత్రివర్గం ఎన్నికలు జరిపిస్తుంది, ఎన్నికలు మెజారిటీని తయారుచేస్తాయి అని లిబరల్ సెనేటర్ నబుకో డి అరౌజో సెనేట్‌లో ఎత్తిపొడిచాడు. ఇందులో రాజ్యాంగాన్ని మీరింది ఏదీ లేదు. నీ పేపర్‌కి ప్రాణం అదే. అలాగని రెండో పెడ్రోని నియంతగా చిత్రించకు, ఆయన హయాంలో పత్రికలు ఆయన్నే తిట్టిపోసేవి.

179వ అధికరణంలో హక్కుల చిట్టా ముచ్చటగా ఉంటుంది. అందులో ఆస్తి హక్కూ ఉంది, బానిసలూ ఆస్తి కిందే లెక్క, బానిసత్వం మాత్రం 1888 దాకా నడిచింది. దీన్ని ఫుట్‌నోట్‌లోకి నెట్టకు.

డ్రాఫ్ట్ అయ్యాక పంపు. ముందు 1868 భాగమే చూస్తాను.

మావయ్య