1973 నాటి రాబిన్ హుడ్ కార్టూన్ సినిమా పిల్లలకి చూపించవచ్చా?

ఉన్నోళ్ళని దోచి లేనోళ్ళకి పంచే ఇంగ్లండ్ జానపద దొంగ రాబిన్ హుడ్ మీద డిస్నీ వాళ్ళు 1973లో తీసిన సినిమా ఆరేళ్ళ పాపకి చూపించాలని ఉందనీ, కానీ అది అసలు కథకి దూరమనీ, పాత సినిమాల బొమ్మల్నే తిరిగి వాడేశారనీ చదివి వెనకాడుతున్నాననీ అడిగారు. చూపించండి. మాది విజయనగరం, సెలవులొస్తే చాలు మా ఇంట్లో పిల్లలు ఇదే పెట్టమంటారు, పక్కన కూర్చుని చూసీ చూసీ ఇందులో ఏ సీన్ నిలబడుతుందో, ఎక్కడ వాళ్ళు లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళిపోతారో నాకు కంఠతా వచ్చేసింది.

ముందు ఆ "అసలు కథ" సంగతి. అలాంటిదంటూ ఒకటి ఉంటే కదా! రాబిన్ హుడ్ పాటలున్నాయని 1370ల నాటి ఒక ఇంగ్లీషు కావ్యంలోనే ప్రస్తావన ఉంది, కానీ మనకి దొరికే పాత పాటల్లో అతను ప్రభువు కాదు, ప్రియురాలు మేరియన్ లేదు, రాజు పేరు సినిమాలోలా రిచర్డ్ కాదు, ఎడ్వర్డ్. 1521లో జాన్ మేజర్ అనే చరిత్రకారుడు అతన్ని రిచర్డ్ కాలానికి తీసుకెళ్ళాడు, 1598లో ఒక నాటకకర్త అతన్ని ఏకంగా ప్రభువునే చేసేశాడు, ఉన్నోళ్ళని కొట్టి లేనోళ్ళకి పెట్టడమన్నది కూడా తర్వాత తర్వాత బలపడిన ముచ్చటే. మన బొబ్బిలి యుద్ధం 1757లో జరిగిందని ఖాయంగా తెలుసు, అయినా బుర్రకథలో దాని రంగు వేరే. విజయనగరంలో పుట్టినవాడికి ఆ కథ వినడం ఎంత ఇరకాటమో మీరే చూడండి, అందులో విలన్ మా ఊరి రాజు! తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి మా విజయరామరాజుని పొడిచే ఘట్టం వచ్చేసరికి జనంతో పాటు నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి. కథ చెప్పేవాడు అలా కొట్టించాడా లేదా అన్నదే నేను చూస్తాను.

ఈ సినిమా ఆ పని చేస్తుంది, ముఖ్యంగా పన్నుల దగ్గర. అన్న రిచర్డ్ రాజు దేశంలో లేనప్పుడు గద్దెక్కిన ప్రిన్స్ జాన్ తరఫున తోడేలు షెరీఫ్, అంటే అక్కడి అధికారి, వసూళ్ళకి వస్తాడు. కాలికి కట్టు కట్టుకున్న కుక్క ఆ కట్టులో దాచుకున్న నాణేల్ని కాలు పట్టుకుని దులిపేస్తాడు, బుజ్జి కుందేలుకి పుట్టినరోజని ఇంట్లోవాళ్ళంతా కలిసి ఇచ్చిన ఒక్క నాణెం లాక్కుంటాడు, చివరికి చర్చి హుండీ కూడా వదలడు. పన్నంటే ఏంటో తెలియని మా చిన్నోడికి కూడా కోపం ముంచుకొచ్చేసింది. పన్ను కట్టలేక ఊరు ఊరంతా జైల్లో, బయట వాన, కథ చెప్పే కోడిపుంజు పాట. ఈ భాగం కోసమైనా సినిమా చూడొచ్చు.

పాత్రలకి జంతువుల్ని వేసుకోవడం కూడా బాగా కుదిరింది, రాబిన్ నక్క, ప్రిన్స్ జాన్ సింహం. మా నాన్న కాసేపు చూసి "ఏటిరా, నక్క మంచోడేటి?" అన్నారు. నిజమే, మన కథల్లో నక్కంటే జిత్తులమారి తప్ప హీరో కాదు. యూరప్‌లోనూ రెనార్డ్ అనే టక్కరి నక్క కథలున్నాయి, డిస్నీ వాళ్ళు ముందు దాన్నే తీద్దామనుకుని, మోసగాణ్ణి హీరోని చెయ్యలేక పక్కన పెట్టారు, ఆ ఆలోచనలు కొన్ని ఇందులోకి వచ్చాయి. సింహానికేమో జూలు లేదు, కిరీటం చెవుల మీదకి జారిపోతుంటుంది, అమ్మ మాటెత్తితే బొటనవేలు నోట్లో పెట్టుకుంటాడు. ప్రిన్స్ జాన్‌కి పీటర్ ఉస్తినోవ్ ఇచ్చిన గొంతు వినాలి, ఆ పిరికితనం, ఆ గొప్పలు!

బొమ్మలు తిరిగి వాడారన్నది నిజమే. అడవిలో డాన్స్ సీన్‌లో మేరియన్ అడుగులు 1937 నాటి స్నో వైట్ నుంచి, రాబిన్ స్నేహితుడైన ఎలుగుబంటి అడుగులు 1967 నాటి జంగిల్ బుక్ నుంచి ఎత్తారు. ఆ ఎలుగుబంటి గొంతు కూడా జంగిల్ బుక్ బాలూదే, ఫిల్ హారిస్. పెద్దవాళ్ళం కనిపెట్టి నవ్వుకుంటాం. పిల్లలైతే "బాలూ వచ్చాడు" అని సంబరపడ్డారు, అయినా బుర్రకథలో ప్రతి యుద్ధానికీ అదే తందానతాన వినిపిస్తే ఎవరైనా డబ్బు వాపసు అడిగారా?

నా గొడవ వేరే చోట ఉంది. ప్రేమకథ పలచన. విలువిద్య పోటీ వరకూ మేరియన్ బాగానే ఉంటుంది, ఆ తర్వాత డాన్స్ చేసి మాయమైపోయి మళ్ళీ పెళ్ళికే కనిపిస్తుంది. ఆ పోటీ తర్వాత జరిగే కొట్లాట కూడా మరీ సాగింది, మేరియన్ చెలికత్తె కోడిపెట్ట జాన్ సైనికులైన ఖడ్గమృగాల్ని గుద్దుకుంటూ అమెరికా ఫుట్‌బాల్ ఆడటం ఇంగ్లండ్ అడవి కథకి ఏం అతికిందో నాకర్థం కాలేదు. షెరీఫ్ యాస కూడా పక్కా అమెరికా పల్లెటూరిదే. అన్నిటికన్నా అన్యాయం ముగింపు. అంత పెద్ద కోట ముట్టడి అయ్యాక రాజు రిచర్డ్ ఎలా వచ్చాడో, ఏం చేశాడో చూపించకుండా గబగబా తేల్చేశారు. గాయపడ్డ రాబిన్‌ని చంపడానికి జాన్ రావడం, సరిగ్గా అప్పుడే రిచర్డ్ దిగడం అని వేరే ముగింపు బొమ్మల దాకా గీసుకుని వదిలేశారట, అది ఉంచి ఉంటే సినిమా ఇంకో మెట్టు ఎక్కేది.

మీ పాపకి ఆరేళ్ళంటున్నారు కదా, కోట తగలబడే దగ్గర మాత్రం పక్కనే ఉండండి. రాబిన్ కందకంలో దూకాక బాణాలు కురుస్తాయి, టోపీ ఒక్కటే పైకి తేలుతుంది, మా పెద్దది ఏడుపు లంకించుకుంది. వాడు నీళ్ళలో రెల్లుపుల్లతో గాలి పీల్చుకుంటున్నాడని ముందే చెప్పెయ్యకండి గానీ, రిమోట్ మాత్రం మీ పాప చేతికి ఇవ్వొద్దు, ఆపేస్తే ఆ రాత్రంతా టెన్షన్ మీకే.