కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు దగ్గు వస్తే నాలుగైదు రోజులు మందులు వాడి చూడొచ్చా?

వద్దండీ, ఒక్క రోజు కూడా ఆగొద్దు. మేం ఆగాం కాబట్టి చెప్తున్నాను.

అమ్మ కిడ్నీ ఇచ్చిన తొమ్మిదో నెలలో మా తమ్ముడికి పొడి దగ్గు మొదలైంది. జ్వరం 99 దాటలేదు. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ వాడేవాళ్లకు లోపల ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం పెద్దగా కనిపించకపోవచ్చని మాకు తెలియదు. ఖమ్మంలో ఇంటి దగ్గరి డాక్టరు ఎక్స్‌రే బాగానే ఉందని క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఆ మందు రక్తంలో టాక్రోలిమస్‌ని పెంచేస్తుంది, అది ఎక్కువైతే కిడ్నీకే దెబ్బ. నాలుగో రోజుకి దగ్గు తగ్గలేదు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం 1.2 నుంచి 1.9కి పెరిగింది. రాసేముందు ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకి ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేది?

ఆ సాయంత్రం వాడు పాల ప్యాకెట్ తెచ్చి, రెండంతస్తులు ఎక్కి, గుమ్మంలోనే కూలబడ్డాడు. పొద్దున కూర్చున్నప్పుడు 96 ఉన్న ఆక్సిజన్ 87కి పడిపోయింది. రాత్రికే హైదరాబాద్ బయలుదేరాం.

సీటీలో రెండు ఊపిరితిత్తుల నిండా పొగమంచులాంటి మసక. బ్రాంకోస్కోపీ, అంటే ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం పంపి చూసే పరీక్ష, అనగానే అమ్మ ఏడుపు. "గొట్టాలు వద్దమ్మా, మందులతోనే చూడండి" అంది. ఊపిరితిత్తుల డాక్టరు మేడమ్ పక్కన కూర్చుని, "ఇది టీబీ కావచ్చు, ఫంగస్ కావచ్చు, వైరస్ కావచ్చు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. తెలియకుండా టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే టాక్రోలిమస్ పడిపోయి, మీరిచ్చిన కిడ్నీకే ముప్పు" అన్నారు. 'మీరిచ్చిన కిడ్నీ' అనేసరికి అమ్మ తలూపింది.

ఊపిరితిత్తిలోకి సెలైన్ పంపి, మళ్లీ లాగి పరీక్షకిచ్చారు. జీన్ఎక్స్‌పర్ట్ అనే త్వరిత పరీక్షలో టీబీ లేదని రెండు గంటల్లో వచ్చింది. క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ అయితే వారాలు పట్టేది. మర్నాడు క్రిమి డీఎన్ఏని వెతికే పీసీఆర్ పరీక్షలో న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ అని తేలింది. 21 రోజులు సెప్ట్రాన్ అనే మందు, పెద్ద డోసులో. ఇది రాకుండా రోజూ వేసుకోమన్న మాత్ర కూడా సెప్ట్రానే. ఒంట్లో బాగుందిగా అని ఆరో నెలలో డాక్టర్ని అడక్కుండా మేమే ఆపేశాం.

టీబీ పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేస్తున్నారు, మంచిదే. ఈ ఫంగస్ పీసీఆర్ కోసం మాత్రం ఊపిరాడని మనిషిని కారులో పడుకోబెట్టుకుని ఊరు దాటాల్సి వచ్చింది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు జిల్లాల్లోనూ ఉన్నారు కదా.

మీవాళ్లకి దగ్గుంటే వేలికి ఆక్సీమీటర్ పెట్టి కాసేపు నడిపించండి. అంకె పడిపోతే ఎక్స్‌రే బాగుందన్న మాట నమ్మొద్దు, ఆ రోజే మార్పిడి చేసిన ఆసుపత్రికి వెళ్లి సీటీ, బ్రాంకోస్కోపీ గురించి అడగండి.