భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు: ఆసియా రన్నరప్ అయ్యుండి ప్రపంచ కప్‌కు ఎందుకు వెళ్లలేదు?

ఒకప్పుడు ఆసియా ఫైనల్ ఆడిన జట్టు, దక్షిణాసియాలో ఐదు కప్పులు గెలిచిన జట్టు ప్రపంచ కప్ గడప ఎందుకు తొక్కలేదన్నది మీ సందేహం. మొత్తం మ్యాచ్‌లు కలిపి గెలుపు శాతం తీస్తే ఇది ఎప్పటికీ అర్థం కాదు. ఎదురుగా ఎవరున్నారో చూడాలి.

ముందు పాత రికార్డు. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో మన దేశం తరఫున దక్షిణ, ఉత్తర అని రెండు జట్లు దిగాయి. ఫైనల్లో చైనీస్ తైపీ (అంటే తైవాన్) చేతిలో 0-2తో ఓడింది దక్షిణ జట్టు. కొన్ని పట్టికల్లో ఇదే 1979 టోర్నీగా ఉంటుంది, రెండుగా లెక్కేయకండి. 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం, 1983లో మళ్లీ ఫైనల్, థాయిలాండ్ చేతిలో 0-3 ఓటమి. చిన్నచూపు చూడాల్సిన ఫలితాలేం కావు. కానీ జపాన్ 1981లో గానీ రంగంలోకి రాలేదు, చైనా 1986 దాకా రాలేదు. వాళ్లొచ్చాక తేడా ఎంతో 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల స్కోరే చెబుతుంది: చైనా 16, భారత్ 0.

ఆ తర్వాతి జబ్బు ఓటములు కాదు, అసలు ఆడకపోవడం. పద్దెనిమిది నెలలు దాటి అంతర్జాతీయ మ్యాచ్ లేకపోతే అప్పట్లో ఫిఫా ర్యాంకింగ్ నుంచి పేరు తీసేసేవారు. 2009లో మనకు జరిగింది అదే.

శాఫ్ (దక్షిణాసియా చాంపియన్‌షిప్) టైటిళ్లు 2010, 2012, 2014, 2016, 2019లో వచ్చాయి. నిజమే, కానీ తక్కువ ర్యాంకు జట్టును ఓడిస్తే రేటింగ్ పెద్దగా పెరగదు. పైగా ఆ ఆధిపత్యం కూడా పోయింది: 2022 గ్రూప్ మ్యాచ్‌లో బంగ్లాదేశ్ 3-0తో ఓడించింది, సెమీస్‌లో నేపాల్ 1-0తో ఇంటికి పంపింది.

2022 ఆసియా కప్ (పాత ఆసియా చాంపియన్‌షిప్‌కే కొత్త పేరు) విషయంలో జాగ్రత్త. ఆతిథ్య జట్టుగా నేరుగా చోటు దక్కింది, ఇరాన్‌తో 0-0 డ్రా అయింది. తర్వాత శిబిరంలో కోవిడ్ పాకి, చైనీస్ తైపీతో మ్యాచ్‌కు నిబంధన ప్రకారం కావాల్సిన 13 మంది కూడా మిగల్లేదు. టోర్నీ నుంచి తప్పుకున్నట్టు పరిగణించి ఆ డ్రానూ రద్దు చేశారు. ఎక్కడైనా ఆ పాయింటు కలిపి కనిపిస్తే ఆ లెక్క తప్పు.

నన్నడిగితే మొత్తం రికార్డులో బరువైన ఫలితం 2025 జులై 5న, థాయిలాండ్‌లోని చియాంగ్ మాయిలో, 2026 ఆసియా కప్ క్వాలిఫయర్లలో వచ్చింది. మంగోలియా మీద 13-0, తిమోర్ లెస్తె మీద 4-0, ఇరాక్ మీద 5-0 గెలిచాక అసలు పరీక్ష థాయిలాండ్. వాళ్ల ర్యాంకు 46, మనది 70, మ్యాచ్ వాళ్ల సొంతగడ్డ మీద. సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్‌తో 2-1 గెలిచి, క్వాలిఫయర్ల దారిలో మొట్టమొదటిసారి ఆసియా కప్‌కు చేరారు. మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య కూడా ఆ జట్టులో ఉంది.

ఇక 2027 ప్రపంచ కప్ దారి: 2026 ఆసియా కప్‌లో 12 జట్లు, మూడు గ్రూపులు. సెమీస్ చేరిన నాలుగింటికి నేరుగా బెర్తు. క్వార్టర్స్‌లో ఓడిన నాలుగు జట్లకు ప్లేఆఫ్‌లు, గెలిచిన ఇద్దరికి బెర్తులు, ఓడిన ఇద్దరికి ఖండాంతర ప్లేఆఫ్‌లో ఇంకో అవకాశం. అంటే క్వార్టర్స్ చేరిన ఏ జట్టుకైనా ప్రపంచ కప్ ఆశ బతికే ఉండేలా పెట్టిన పద్ధతి ఇది.